దొరకని ఓడిన్ స్తంభం

రెండు వేసవులుగా స్టెయినోల్ఫ్ ఐస్‌లాండ్ తీరమంతా పడవలో గాలిస్తూనే ఉన్నాడు, ఒక చెక్క స్తంభం కోసం. నార్వే నుంచి వలస వచ్చేవాళ్ళు నేల కనబడగానే, పాత ఇంట్లో యజమాని పీటకు ఇరుపక్కలా నిలిచిన దేవుడి స్తంభాలను సముద్రంలోకి విసురుతారు. అవి ఎక్కడ ఒడ్డుకు చేరితే అక్కడే కొత్త ఇల్లు. స్టెయినోల్ఫ్ విసిరిన రెండింటిలో ఉరుముల దేవుడు థోర్ స్తంభం మూడో రోజుకే దొరికింది, నల్ల ఇసుక ఒడ్డున, మోకాలెత్తు పచ్చిక పక్కన. ఒంటికన్ను దేవుడు ఓడిన్ స్తంభం జాడే లేదు.

ఆ ఓడిన్‌ను చెక్కింది అతని తండ్రి. తాత కాలంలో ఆ చోట ఒంటిచేతి దేవుడు టీర్ ఉండేవాడు. యుద్ధంలో గెలుపూ తగవుల్లో న్యాయమూ ఆయన చేతిలోనే ఉండేవట. తండ్రి ఒక దొర కొలువులో చేరి, దొరల దేవుణ్ణే ఇంటికి తెచ్చుకున్నాడు. టీర్ స్తంభం దొడ్డికి గుంజయింది. దేవుళ్ళ పదవులూ అంతే మరి. ఎన్ని దేశాలు తిరిగి చూసినా, ఒకప్పుడు లోకాన్ని ఏలినవాళ్ళు ఏ వాగు పేరులోనో దిబ్బ పేరులోనో మిగిలి కనిపిస్తారు. ఇక థోర్‌ను చెక్కింది స్టెయినోల్ఫే, బయల్దేరే ముందు, ఓడ పనికి వాడిన గొడ్డలితోనే.

తండ్రి స్తంభం లేకుండా ఇల్లు కట్టడానికి అతనికి చేతులు రాలేదు. భార్య ఇంగ్విల్డ్, ఇద్దరు పిల్లలు థోర్ స్తంభం దొరికిన ఒడ్డున మట్టిపెళ్ళల గుడిసెలోనే ఉన్నారు. పోయిన చలికాలం మేత చాలక ఐదు ఆవుల్లో రెండు పోయాయి. మళ్ళీ కోతల రోజులొచ్చాయి. ఇంకో వారం ఆలస్యమైతే గడ్డి అంతా మంచుపాలే.

ఆ పొద్దున అతను పడవను నీళ్ళలోకి తోస్తుంటే ఇంగ్విల్డ్ కొడవలితో వచ్చి అడ్డం నిలబడింది.

"ఎక్కడికయ్యా?"

"ఉత్తరపు అఖాతం ఒక్కటే మిగిలింది."

"పోయినేడూ ఒక్కటే మిగిలిందన్నావు. నీ దేవుడికి ఒంటికన్ను సరే, నీకు రెండున్నాయి కదా. ఎదురుగా ఉన్న గడ్డి కనబళ్ళేదా?"

"అది మా నాన్న చెక్కింది."

"మీ నాన్ననేం అనట్లేదు నేను. ఇక్కడికి వచ్చేటప్పుడు నడిసముద్రంలో తుఫాను పట్టుకుంటే నువ్వెవర్ని పిలిచావో చెప్పు."

రెండేళ్ళుగా అతన్ని లోలోపల తొలిచేస్తున్నది అదే. ఆ రాత్రంతా గొంతు పోయేలా థోర్‌నే పిలిచాడు. ఓడిన్ ఒక్కసారి కూడా గుర్తుకు రాలేదు. తండ్రికి ఏం జవాబు చెప్పాలన్న బెంగే అతన్ని ఒడ్డు వెంట తిప్పుతోంది.

"థోర్‌ని," అన్నాడు మెల్లగా.

"మరి పిలిస్తే పలికినాయన ఇక్కడుండమన్నాడు. ఆ మాట వినవేం?"

అతను పడవను ఒడ్డుకు లాగి బోర్లించి, ఆమె చేతిలోని కొడవలి తీసుకున్నాడు.

సాయంత్రానికి ఇల్లు కట్టబోయే చోట థోర్ స్తంభం నిలబెట్టాడు. రెండో వైపు అలలు తెచ్చి పడేసిన మాను ఒకటి పాతాడు, నునుపుగా, ఏ ముఖమూ లేకుండా. దానిమీద ఎవర్ని చెక్కుతావని ఇంగ్విల్డ్ అడిగింది.

"ఇప్పుడు కాదు," అన్నాడు. అది నిటారుగా ఉందో లేదో నాలుగుసార్లు చుట్టూ తిరిగి చూసుకుని, వెలుగుండగానే ఇంకో వరస కోద్దామని మళ్ళీ గడ్డిలోకి నడిచాడు.