పాదిరి నాలుగు గళ్లు

ఇంగ్లండు నేనెన్నడూ చూడలేదు. అయినా పందొమ్మిదో శతాబ్దంలో అక్కడి ఒక పల్లెటూళ్లో ఎవరికి ఎవరు పుట్టారో నన్నడగండి, చెప్తాను. వరంగల్ బస్టాండు వెనక ఒక మేడమీది గదిలో కూర్చుని రెండేళ్లపాటు ఆ ఊరి చర్చి రిజిస్టర్లను కంప్యూటర్‌లోకి ఎక్కించాను. నా డిగ్రీకి దొరికిన ఘనమైన ఉద్యోగం అది. తమ ముత్తాతలెవరో వెతుక్కునే దొరల కోసమట.

రిజిస్టరు రాసిన పాదిరివి అన్నీ కోడిగీతలే. మనిషి మాత్రం గట్టివాడు. పేరు, తల్లిదండ్రులు, తండ్రి చేసే పని, తేదీ: జమీందారు కొడుకైనా, చెప్పులు కుట్టేవాడి కూతురైనా అవే నాలుగు గళ్లు. మూడు రోజులు బతికిన పసిగుడ్డును కూడా వదిలేవాడు కాదు. ఆ చెప్పులు కుట్టేవాడి ఆరో బిడ్డ పుట్టినరోజు నాకు కంఠతా వచ్చు. మా అమ్మది తెలియదు.

అమ్మకు వృద్ధాప్య పింఛను కావాల్సి వచ్చినప్పుడు ఆ సంగతి బయటపడింది. ఆధార్‌లో జనవరి ఒకటి అని ఉంది. ఆ మాటకొస్తే మా వాడకట్టులో సగంమంది ఆ రోజే పుట్టారు, మంత్రసాని ఎంత అవస్థ పడిందో పాపం. సంవత్సరం కూడా ఆధార్ తీసినవాడు అమ్మ మొహం చూసి వేసిందే. నాట్లేసి వంగిన నడుము ఫొటోలో పడదు కదా, పదేళ్లు తగ్గించాడు.

"వయసు సరిపోతలేదమ్మా. రుజువు తేండ్రి" అన్నాడు ఆఫీసు గుమాస్తా.

ఇంటికొచ్చి, "ఎప్పుడు పుట్టినవే అమ్మా?" అనడిగాను.

"మేడారం జాతరకు పోయొస్తాంటే బండిల పుట్టిన్నట."

"ఏ జాతర?"

"సమ్మక్క జాతరనే. ఇంకేం జాతర?"

రెండేళ్లకోసారి వచ్చే జాతర అది. నాకు ఒళ్లు మండింది. సరే, నేనే పాదిరినవుదామనుకున్నాను. కేసముద్రం దగ్గర అమ్మ పుట్టింటివాళ్ల ఊరికి పోయి, ముసలమ్మలను కూర్చోబెట్టి, ఎవరి పెళ్లినాటికి ఎవరు చంకలో ఉన్నారో ఒక్కొక్కటే అడిగి సంవత్సరం తేల్చాను. అన్న పదో తరగతి మెమో ఎలాగూ ఉంది. ఆధార్ ప్రకారం వాడు పుట్టేనాటికి అమ్మకు తొమ్మిదేళ్లు. ఇంతకంటే రుజువేం కావాలి? తెల్లకాగితం మీద నాలుగు గళ్లు గీసి, పిల్లల వరుస చెప్పమని అమ్మనడిగాను.

"మీ అన్న. ఆనెంక ఒక పిలగాడు. ఆనెంక నువ్వు."

ఆ పిలగాడి మాట నేనెప్పుడూ వినలేదు. "ఎవరే అమ్మా?"

"తొమ్మిది దినాలు ఉండె. ఇర్వయొక్కటో నాడు గద పేరు పెట్టేది. అందాక ఉండలే."

"ఆఫీసోళ్లకు అది అక్కర్లేదే."

"రాయి బిడ్డా."

రాశాను. పేరు గడిలో ఏం రాయాలో తెలియక 'పిలగాడు' అని రాశాను.

అమ్మను వెంటబెట్టుకుని మళ్లీ ఆఫీసుకు పోయాను. గుమాస్తా కాగితం మొత్తం చదివాడు. అన్న మెమో కూడా చూశాడు. "అట్లయితే మీ అన్నదే తప్పుంటది. ముందుగాల ఆయనది సరిచేయించుకోండ్రి" అని రెండూ తిరిగిచ్చేశాడు.

పింఛను రాలేదు. బయటికొచ్చి, కోపంతో ఆ కాగితాన్ని చింపబోయాను. అమ్మ నా చేతిలోంచి లాక్కుంది.

"పిలగాన్ని ఏడ రాసినవు?" అంది.

చూపించాను. అమ్మకు చదువు రాదు. ఆ గడి మీద వేలు పెట్టి, బస్సు వచ్చేదాకా తీయలేదు.