స్రవంతి తలదగ్గర గంధం వాసన

దెయ్యాలను నేనెప్పుడూ నమ్మలేదు. నమ్మింది నా ముక్కుని. కెనడాలోని సార్నియాలో పెట్రోకెమికల్ ప్లాంటులో ఇంజనీరుగా ఉన్న రోజుల్లో ఏ పైపు లీకైనా మీటరు కంటే ముందు నన్ను పిలిచేవారు. ఒక్కసారి గాలి పీల్చి, ఇదిగో ఈ వాల్వు అని వేలు పెట్టి చూపించేవాణ్ని. అలాంటివాడికి అగరొత్తి ఒక లెక్కా?

అగరొత్తుల సంగతి కాస్త చెప్పాలి. జరిగిందంతా వాటితోనే. ఇక్కడి ఇండియన్ స్టోర్లలో గంధం అని అమ్మేవాటిలో చాలామటుకు బొగ్గుపొడి పుల్లని సెంటులో ముంచి ఆరబెట్టినవే. వెలిగించకముందే గుప్పుమంటాయి, వెలిగిస్తే తలనొప్పి. మసాలా అగరొత్తి వేరు. గోధుమరంగు ముద్దని పుల్లకి చుట్టి, పైన పొడి అద్దినది. పట్టుకుంటే వేలికి కాస్త జిగురు తగులుతుంది. వెలిగిస్తే మొదట పొడిగంధం, వెనకాలే తేనెలాంటి తీపి. ఆరిపోయాక కూడా చాలాసేపు గదిలో చందనపు చెక్క వాసన నిలిచి ఉంటుంది. గొప్ప ఖరీదైనదేమీ కాదు, రోజూ పూజకి వాడుకునేదే.

అవి మా ఇంటికి మూర్తిగారి చేతిమీదుగా వచ్చేవి. ఆయన నాతోపాటు ప్లాంటులో పనిచేసి రిటైరైన మిత్రుడు. ఇండియా వెళ్లినప్పుడల్లా ఒకే కొట్లో కొని, పేపర్లో చుట్టి తెచ్చేవారు. ఆయన పోయినప్పుడు ఫ్యునరల్ హోమ్ వాళ్లు లోపల నిప్పు వెలిగించడానికి వీల్లేదన్నారు. తలదగ్గర అగరొత్తి వెలగకుండా మనిషిని సాగనంపడం ఎలా? ఆయన తెచ్చినవాటిలో మిగిలిన ఆఖరి కట్టని వెలిగించకుండానే తల పక్కన పెట్టాం. శవపెట్టెతోపాటే వెళ్లిపోయింది. ఆ తర్వాత ఆ రకం మా గడప తొక్కలేదు.

ఇక ఇక్కడి మన తెలుగిళ్ల అలవాటొకటి ఉంది. వ్రతం చేసుకోవాలంటే కలశం పెట్టేముందు సీలింగు మీది అలారం దించాలి. పొగకీ, కార్బన్ మోనాక్సైడ్ అనే విషవాయువుకీ కలిపి ఒకటే యంత్రం. అగరొత్తి పొగ తగిలితే చాలు, ఇల్లెగిరిపోయేలా అరుస్తుంది.

మా ఇంట్లో సత్యనారాయణ వ్రతంనాడు మా ఆవిడ కామేశ్వరి, "ఏవండీ, కథ మధ్యలో అది కూసిందంటే స్వామి కూడా లేచి బయటికి పరిగెడతాడు. ముందు దాన్ని దించండి" అంది. వంటింటి దగ్గరిదీ, బేస్‌మెంట్‌దీ రెండూ దించాను. బ్యాటరీలు తీసి, తువ్వాల్లో చుట్టి, అల్మారాలో పెట్టాను. ప్రసాదం తిన్నాక ఆ మాట ఎవరికి గుర్తుంటుంది?

తర్వాత రెండురోజులు మంచు తుఫాను. కిటికీల సగందాకా మంచు. ఇల్లు వెచ్చబరిచే గ్యాసు ఫర్నెస్ ఆగకుండా తిరుగుతూనే ఉంది.

బేస్‌మెంట్లో స్రవంతి అనే అమ్మాయి అద్దెకుంటుంది. కరీంనగర్ నుంచి వచ్చి ఇక్కడ కాలేజీలో చదువుతోంది. రాత్రిపూట కాఫీషాపులో పని, పగలు నిద్ర. ఆమె గది గోడకి అవతలే ఫర్నెస్.

తుఫాను వెలిసిన మధ్యాహ్నం నేను హాల్లో కూర్చుని ఉన్నాను. పొద్దుటినుంచీ తల బరువుగా ఉంది. అప్పుడొచ్చింది ఆ వాసన. పొడిగంధం, వెనకాల తేనె తీపి. మూర్తిగారి అగరొత్తి. ముందు సంతోషమే వేసింది. ఆ తర్వాత, ఆ వాసన ఆఖరిసారి ఎక్కడ వదిలేసి వచ్చామో గుర్తొచ్చి వీపు చల్లబడింది.

మెట్లవైపు వెళ్తే ఎక్కువైంది. పైనుంచే కేకేశాను. "అమ్మాయ్ స్రవంతీ! కింద కార్పెట్ ఉంది, అగరొత్తులు వెలిగించొద్దని చెప్పానా లేదా?"

ఫర్నెస్ హోరు తప్ప ఏమీ వినిపించలేదు.

దిగాను. తలుపు కొట్టాను, తోశాను. గదిలో పొగ లేదు. పుల్ల లేదు, బూడిద లేదు. అమ్మాయి పక్కమీద వెల్లకిలా పడుకుని ఉంది. వాసన గదంతా సమానంగా లేదు. ఆమె తలదగ్గర చిక్కగా ఉంది. మనవాళ్లు ఎక్కడ వెలిగిస్తారో సరిగ్గా అక్కడ.

భుజం పట్టి కుదిపాను. కళ్లు సగం తెరిచి, "తలకాయ పగులుతాంది అంకుల్" అని మళ్లీ మూసుకుంది. అప్పుడు వెలిగింది నా బుర్ర. నా తల బరువు, ఈ పిల్ల మత్తు, అల్మారాలో తువ్వాల్లో పడుకున్న అలారాలు. అమాంతం అమ్మాయిని భుజాన వేసుకుని మెట్లెక్కి, తలుపులన్నీ బార్లా తెరిచి, 911కి ఫోన్ చేశాను.

ఫైర్ వాళ్లు వచ్చి మీటరు పెట్టి చూసి, మమ్మల్ని మంచులోకి తరిమేశారు. ఫర్నెస్ పొగ బయటికి పోయే గొట్టం మంచులో కూరుకుపోయి, విషవాయువు వెనక్కి తన్నుతోంది. ఇంకాసేపు పడుకుని ఉంటే అమ్మాయి లేచేది కాదన్నారు. ఎలా తెలిసిందని వాళ్లలో ఒక కుర్రాడు అడిగితే గంధం వాసన అన్నాను. ఆ కుర్రాడు నావైపు జాలిగా చూశాడు. ఆ వాయువుకి రంగూ రుచీ వాసనా ఏదీ ఉండదు. ప్లాంటులో కొత్తవాళ్లకి ఆ పాఠం చెప్పింది నేనే.

ఆక్సిజన్ పెట్టాక స్రవంతి తేరుకుంది. "నేనేం వెలిగియ్యలే అంకుల్. నా తాన అగ్గిపెట్టె గూడ లేదు" అంది. అప్పటినుంచీ అలారాలు సీలింగు మీదే ఉన్నాయి. పూజలో స్వామికి దీపమొక్కటే.

ఇక్కడిదాకా రాసి కామేశ్వరికి చదివి వినిపించాను. ఆవిడ మొహం చూశాక రెండు సవరణలు తప్పలేదు. ప్లాంటులో నన్నెవరూ పిలిచేవారు కాదు. నాది ఆఫీసు ఉద్యోగం, లీకులు పట్టుకునేవి మీటర్లే. అమ్మాయిని భుజాన వేసుకోలేదు. నా కేక విని కామేశ్వరి పరిగెత్తుకొచ్చింది. చెరో రెక్కా పట్టుకున్నాం. సగం మెట్లనుంచి నన్ను కూడా ఆవిడే లాగింది.

వాసన మాత్రం నిజం. ఏళ్లతరబడి వేడిగాలి గొట్టాల్లో పేరుకున్న అగరొత్తి మసి వేడెక్కిందేమో అనుకుని చూశాను. మరి ఆమె తలదగ్గరే ఎందుకు? నాకు ఈనాటికీ అంతుపట్టలేదు. అంతకుముందు ఏడాది జ్వరం వచ్చాక నా ముక్కు కాస్త మందగించింది కూడా, అని రాయబోతుంటే కామేశ్వరి కలం మీద చెయ్యేసి ఆపింది.

"కాస్తేమిటండీ? మీకు అసలు వాసనే తెలియదు. ఆవేళ పొద్దున పప్పు మాడి ఇల్లంతా కంపు కొడుతుంటే, పక్కనే కూర్చుని కాఫీ తాగుతున్నారు. నా ముక్కు బాగానే ఉంది. నాకు ఏ గంధం వాసనా రాలేదు. అది రాయండి."