మిషను ఎవరిదని అడిగితే

యూసుఫ్‌గూడలో మేమున్న ఫ్లాటు మూడో అంతస్తులో. రెండు గదులు, మధ్యలో హాలు, గాలి ఆడని వంటిల్లు. పెద్ద గది అక్కది, చిన్న గది నాది. అక్క అంటే తోడబుట్టినది కాదు. సిద్దిపేట వైపు మనిషి, వయసులో నాకంటే బాగా పెద్ద, డబ్బింగ్ ఆర్టిస్టు. నేను కృష్ణా జిల్లా నుంచి వచ్చి జూబ్లీహిల్స్‌లో ఒక కాస్ట్యూమ్ డిజైనర్ దగ్గర అసిస్టెంటుగా చేరిన కొత్తలో హాస్టల్ తిండి పడక నీరసించిపోయాను. ఒక షూటింగుకి చిన్న వేషం వేయడానికి వచ్చిన ఈమె, జాకెట్టు సరిచేస్తున్న నా చేతులు వణకడం చూసింది. "ఏం తిన్నవ్ పొద్దుగాల? నా రూముకు వచ్చెయ్యి. సగం కిరాయి ఇయ్యి, సాలు" అంది. ఆ వారమే పెట్టె సర్దుకుని వెళ్లిపోయాను.

ఆమె నన్ను చెల్లె అనేది. ఇంట్లో ఉన్న రోజు నా వంతు వంట కూడా తనే చేసేది. జ్వరమొస్తే పక్కన కూర్చునేది. ఇవన్నీ ఇప్పుడు రాస్తుంటే కూడా కోపమే వస్తోంది. ఇవేవీ చేయని మనిషైతే ఆ తర్వాత జరిగింది నేను అంతగా పట్టించుకునేదాన్ని కాదు.

అక్కకి పని తక్కువేం కాదు. సీరియళ్లలో అత్తలకీ, సినిమాల్లో హీరోయిన్ స్నేహితురాళ్లకీ గొంతిచ్చేది. కానీ ముఖం కనిపించాలని ఆమె కోరిక. ఫిల్మ్‌నగర్‌లో ఆఫీసు తీసుకుని చిన్న సినిమా తీస్తున్న ఒకాయన, హీరోయిన్ అక్క వేషం ఇస్తానన్నాడు. కథంతా ఉండే వేషం. కొన్నాళ్లు షూటింగ్ కూడా జరిగింది. మధ్యలో డబ్బులు అయిపోయాయని అతను అంటే, మా వీధికి దగ్గర్లోనే ఉన్న ఒక వడ్డీ వ్యాపారి దగ్గర తన పేరు మీద అప్పు తీసుకుని అతని చేతిలో పెట్టింది. సినిమా ఆగిపోయింది. ఆఫీసు గేటుకి టు-లెట్ బోర్డు వేలాడింది. అతని ఫోను మూగబోయింది. అప్పు మాత్రం అక్క పేరు మీద ఉండిపోయింది.

ఇదంతా నాకు ఆమె చెప్పలేదు. వడ్డీ వ్యాపారి మనుషులు ఇంటికొచ్చాకే తెలిసింది.

ఒక ఆదివారం ఉదయం ఇద్దరు కుర్రాళ్లు వచ్చారు. చెప్పులు బయటే విడిచి లోపలికి వచ్చారు. మంచినీళ్లు అడిగి తాగారు. అక్క వాళ్లతో గొంతు తగ్గించి మాట్లాడుతోంది. ఒకడు హాల్లో టీవీ వంక, ఫ్రిజ్ వంక చూసి, మెల్లగా నా గది గుమ్మంలోకి వచ్చి నిలబడ్డాడు. నేను మిషను మీద ఎవరిదో లెహంగా కుడుతున్నాను.

"మిషన్ మంచిగుంది మేడం. ఎంతకొచ్చింది?" అన్నాడు.

నేను కుట్టడం ఆపి వాడి వంక చూశాను. వాడు నవ్వి, ఫోను తీసి గది ఫొటో తీసుకుని వెళ్లిపోయాడు.

అది పవర్ మిషను. ఎర్రగడ్డలో కొట్టు మూసేస్తున్న ఒక టైలర్ దగ్గర సెకండ్ హ్యాండ్‌లో కొన్నాను. డిజైనర్ దగ్గర జీతం ఏ నెలకీ సమయానికి వచ్చేది కాదు. సినిమా వాళ్ల డబ్బులు అంతే. ఇంటికి తెచ్చుకుని కుట్టే జాకెట్ల మీదే నా తిండి, నా కిరాయి నడిచేవి. దానికి బిల్లు లేదు. పాతదానికి బిల్లు ఎవరిస్తారు?

ఆ రోజు సాయంత్రం అక్క మొత్తం చెప్పింది. ఏడవలేదు. చెప్పడం అయ్యాక, "నువ్వు ఫికర్ చెయ్యకు చెల్లె, గిది నా లొల్లి. నీ దాకా రాదు" అంది.

నాకు నమ్మకం కుదరలేదు. మా డిజైనర్ దగ్గరికి జాకెట్లు కుట్టించుకోవడానికి ఒక లాయరమ్మ వచ్చేది. ఆమె చేతులు చాపి నిలబడి ఉండగా, కొలతలు తీస్తూ అడిగాను. స్నేహితురాలి సంగతి అన్నట్టు అడిగాను కానీ ఆవిడకి అర్థమైపోయింది.

"అప్పు ఆమెది. నీ సామాను ముట్టుకునే హక్కు వాళ్లకి లేదమ్మా. అసలు కోర్టు ఆర్డరు లేకుండా ఆమె సామాను కూడా మోసుకుపోకూడదు. కానీ వాళ్లు చట్టం చదువుకుని రారు కదా. నీవి ఏవో, ఆమెవి ఏవో విడివిడిగా పెట్టుకో. అన్నీ ఫొటోలు తీసుకో. ఆమె కోసం ఎక్కడా సంతకం పెట్టకు. కుదిరితే అక్కణ్నుంచి వచ్చెయ్."

వెంటనే వచ్చేయడం కుదిరే పని కాదు. కొత్త చోట అడ్వాన్సు కట్టాలి, పాత చోట అడ్వాన్సు తిరిగి రావాలి. మిగిలినవన్నీ చేశాను. నా గొలుసు అక్క బీరువాలో ఉండేది, లాకరున్నది ఆ బీరువాకే కాబట్టి. మా బాబాయి కూతురి పెళ్లికి కావాలని అబద్ధం చెప్పి తీసుకున్నాను. అక్క తాళం తీసి గొలుసు నా చేతిలో పెట్టింది. "పెండ్లి ఎప్పుడు?" అని కూడా అడగలేదు. గొలుసు ఊరికి పంపేశాను. గదికి కొత్త తాళం కొన్నాను. నేను కొన్న ఫ్రిజ్‌ని హాల్లోంచి నా గదిలోకి లాక్కున్నాను. మంచానికీ మిషనుకీ మధ్య అది ఇరుక్కుంటే, పక్కకి తిరిగి నడవాల్సి వచ్చేది.

ఆ రోజు నుంచి పెరుగు కావాలంటే అక్క నా తలుపు తట్టాలి. తట్టేది. గిన్నె పట్టుకుని గుమ్మం బయటే నిలబడేది. లోపలికి రమ్మన్నా వచ్చేది కాదు.

"వాళ్లకు భయపడి తాళమేస్తున్నవా, నాకు భయపడా?" అని ఒకసారి అడిగింది.

"వాళ్లకే అక్కా."

"సరే తియ్యి."

ఎండలు ముదిరాయి. నేను షూటింగుకి పోతే పొద్దుటి నుంచి చీకటిపడేదాకా గది తాళం వేసే ఉంటుంది. డబ్బింగ్ చెప్పి గొంతు ఎండిపోయి వచ్చే మనిషి. "సల్లటి నీళ్లన్నా తాగనియ్యవా చెల్లె?" అంది. నా మనసు కరిగింది. రెండో తాళంచెవి ఆమె చేతికిచ్చాను.

ఫిల్మ్‌నగర్ కొండ మీద ఒక బంగళాలో పాట తీస్తున్నారు. డాన్సర్ల బట్టలు చిరిగిపోతుంటే కుట్టుకుంటూ ఆ రోజంతా నిలబడే ఉన్నాను. ఇంటికొచ్చేసరికి నా గది తలుపు బార్లా తీసి ఉంది. మిషను లేదు. టేబుల్, మోటారు, అన్నీ పట్టుకుపోయారు. దారపు రీళ్లు, బాబిన్లు, కత్తెర అన్నీ ఒక మూలకి నీటుగా ఊడ్చి పెట్టారు. నేను కుట్టాల్సిన జాకెట్లు మడత పెట్టి మంచం మీద ఉన్నాయి. అంత శ్రద్ధ చూసి నాకు ఒళ్లు మండింది.

అక్క వంటింట్లో పప్పు తాలింపు వేస్తోంది.

"మిషనేది?"

"వాళ్లొచ్చి తీస్కపోయిండ్రు. నేనేం జెయ్యాలె, ఇద్దరు మొగోళ్లు. ఏది ఎవలదని గిట్ల అడగలే. మోసుకపోయిండ్రు."

"గది తాళమో?"

ఆమె పొయ్యి వైపు తిరిగింది. తాలింపు మాడిపోయింది.

నేను కిందికి దిగాను. ఓనరమ్మ మెట్ల దగ్గర కుర్చీ వేసుకుని కూర్చుని ఉంది. ఆమె పుట్టిందీ పెరిగిందీ ఈ వీధిలోనే. నా ముఖం చూసి తనే మొదలుపెట్టింది.

"మిషన్ అమ్మేసినవా బిడ్డా?"

"లేదు ఆంటీ. వాళ్లు ఎత్తుకుపోయారు. అడగను కూడా అడగలేదంట."

"ఎవరన్నరు? అడిగిండ్రు. నేను కిరాయి అడగనీకె పైకొచ్చి గడప కాడనే నిలబడ్డ. 'గిది నీదేనా, ఆ పిల్లదా?' అని అడిగిండ్రు. 'నాదే, తీస్కపోండ్రి' అన్నది. తాళం గూడ ఆమెనే తీసింది. నువ్వు చెప్పిపోయినవేమో అనుకున్న."

నేను అక్కడే మెట్టు మీద కూర్చున్నాను. ఓనరమ్మ ఇంకా ఏదో అంటోంది. నాకు వినిపించలేదు. పైకి వెళ్లి అరవాలనిపించింది, అరవలేదు. ఆ రాత్రి అన్నం తినకుండా పడుకున్నాను.

మర్నాడు పని మానేసి వడ్డీ వ్యాపారి దగ్గరికి వెళ్లాను. కిందంతా సెల్‌ఫోన్ షాపు, పైన ఆయన ఆఫీసు. నా మిషను గోడవార పాత బైకుల పక్కన ఉంది. దాని మీద ఎవడో టీ గ్లాసు పెట్టాడు. ముందు ఆ గ్లాసు తీసి కింద పెట్టాను. తర్వాత ఫోనులో ఫొటో చూపించాను. మిషను ఇంటికి తెచ్చిన రోజు బొట్టు పెట్టి, పక్కన నిలబడి దిగిన ఫొటో.

ఆయన కళ్లజోడు పైకి జరిపి చూశాడు.

"ఫొటో దిగితే నీదైతదా అమ్మా? నేను చార్మినార్ ముంగట దిగిన. నాదైందా?"

"పోలీస్ స్టేషనుకి వెళ్తాను."

"పో. ఎవరు వద్దన్నరు? ఆడ గూడ గదే అడుగుతరు. ఇచ్చినామె ఏమన్నదని. నేను గుంజుకోలే. నాదే అని చెప్పి ఆమె ఇచ్చింది. నాది కాదు అని ఆమెనే వచ్చి చెప్పమను. ఇప్పుడే పంపుత."

ఇంటికొచ్చి అక్కకి చెప్పాను. "రేపు నాతో వచ్చి చెప్పు. లేకపోతే నా గది తీసి నా మిషను నువ్వే ఇచ్చావని స్టేషనులో రాసిస్తాను." నా గొంతు నాకే కొత్తగా ఉంది. ఆమె గోడ వంక చూస్తూ, "వస్త" అంది.

వచ్చింది. ఇస్త్రీ చీర కట్టుకుంది, లిప్‌స్టిక్ వేసుకుంది, వేషం అడగడానికి వెళ్లేటప్పటిలా. వ్యాపారి ఆమెను కూర్చోమనలేదు. ఫోను రిపేరుకిచ్చిన వాళ్లు కూడా నలుగురైదుగురు మెట్ల మీదికి వచ్చి చూస్తున్నారు.

"చెప్పు. ఎవరిది మిషన్?"

"చెల్లెది."

"గట్టిగ. టీవీల అంత గట్టిగ మాట్లాడుతవ్ గదా."

"చెల్లెది. నాది కాదు."

"మరి మొన్న నాదన్నవ్. అబద్ధాలు చెప్పనీకె గూడ పైసలు తీసుకుంటవా?"

మెట్ల మీదున్న వాళ్లు నవ్వారు. అక్క తలెత్తలేదు. నాకు అక్క మీద జాలి కలగలేదు. ఆ నవ్వినవాళ్ల మీదా, ఆయన మీదా, ఆమె మీదా ఒకే రకమైన అసహ్యం కలిగింది. కుర్రాళ్లు మిషను కిందికి దించారు. దించేటప్పుడు చక్రం గోడకి కొట్టుకుని వంకర పోయింది.

ట్రాలీ ఆటో మాట్లాడుకున్నాం. ముందు డ్రైవరు పక్కన చోటు లేదు. వెనక మిషనుకి చెరోపక్క కూర్చుని, గతుకుల్లో అది పడిపోకుండా ఇద్దరం పట్టుకున్నాం. కొంతదూరం పోయాక అక్క మాట్లాడింది.

"నీకు పని ఉంది. ఇంకోటి కొనుక్కుంటవనుకున్న."

నేను మిషను టేబుల్‌ని నా వైపు లాక్కుని పట్టుకున్నాను.

"జర టైం దొరుకుతదనుకున్న. పైసలు రాంగనే విడిపిద్దామనుకున్న."

"నన్ను అడగొచ్చుగా అక్కా?"

"అడిగితే ఇస్తుంటివా?"

"ఇచ్చేదాన్ని కాదు."

"గందుకే అడగలే."

అంతే. క్షమించమని ఆమె అడగలేదు. అడిగి ఉంటే ఏం చేసేదాన్నో నాకు తెలియదు. ఆమె చెప్పిన దాంట్లో అబద్ధం ఒక్కటీ లేదు, అదే నన్ను ఎక్కువగా కాల్చింది. నేనివ్వనని తెలిసి, బాగా ఆలోచించుకునే ఆ పని చేసింది.

నెలాఖరుకి మధురానగర్‌లో ఒంటిగది చూసుకున్నాను. కిరాయి నా తాహతుకి మించిందే. ఇంకొకరితో కలిసి ఉండే ధైర్యం లేకపోయింది. సామాను దించే రోజు ఓనరమ్మ గేటు దగ్గర కుర్చీ వేసుకుని కూర్చుంది. మిషను గొడవ తర్వాత ఆమెకి మా ఇద్దరి మీదా నమ్మకం పోయింది. ఆమెకి అక్క ఇవ్వాల్సిన కిరాయి బాకీ కూడా ఉంది. ఒక్కో వస్తువు ట్రాలీ ఎక్కుతుంటే ఆపి అడిగేది.

"ఫ్రిజ్ నీదేనా?"

"నాదే ఆంటీ. మీకు తెలుసుగా."

"నాకేం తెల్వదు. మొన్న మిషన్ గూడ గట్లనే అయింది." తలెత్తి పైకి అరిచింది. "ఏమ్మా, ఫ్రిజ్ ఈ పిల్లదేనా?"

అక్క బాల్కనీలో నిలబడి ఉంది. "ఆమెదే" అంది.

"మంచం?"

"ఆమెదే."

ఆ వీధిలో పోయే వాళ్లంతా చూస్తున్నారు. నా సొంత సామానుకి, నా మిషను వాళ్లకి ఇచ్చేసిన మనిషి సాక్ష్యం చెబుతోంది. సిగ్గుతో, కోపంతో నా చెవులు వేడెక్కాయి. కూలీ కుర్రాళ్లు గిన్నెల అట్టపెట్టెతో పాటు వంటింట్లో ఉన్న మిక్సీ కూడా తెచ్చేశారు.

"మిక్సీ?" అంది ఓనరమ్మ.

"ఆమెదే" అంది అక్క పైనుంచి.

మిక్సీ అక్కది. మేం కలిసిన మొదటి ఏడు ఆమె కొన్నది. నేను పైకి చూశాను. ఆమె నా వంకే చూస్తోంది.

"తీస్కపో చెల్లె. నాకెందుకది" అంది.

నేను మిక్సీని ట్రాలీలోంచి తీసి, మొదటి మెట్టు మీద పెట్టాను. ట్రాలీ ఎక్కి పొమ్మన్నాను.

ఆ తర్వాత కొన్నాళ్లకి, నా వంతు అడ్వాన్సు కోసం ఓనరమ్మకి ఫోను చేస్తే మాటల్లో చెప్పింది. వాళ్లు మళ్లీ వచ్చి టీవీ, మిక్సీ పట్టుకుపోయారట. అక్క పక్కకి జరిగి దారి ఇచ్చిందట. "మిక్సీ నువ్వన్న తీస్కపోతే అయిపోతుండె గద బిడ్డా" అంది ఓనరమ్మ. అడ్వాన్సు ఎప్పుడిస్తారని అడిగాను.