వంద రూపాయల పాట

నా చిన్నప్పుడు మా ఇంట్లో ఏ వస్తువుకైనా ముందు ధర అడిగేవాళ్లం, తర్వాతే పేరు. సిద్దిపేట బజారులో మాది గిన్నెల దుకాణం. ఒకపక్క నూనె దుకాణం, ఇంకోపక్క గాజుల దుకాణం. పదేళ్లకే నేను రూపాయి పావలా దువ్వెనను ముప్పావలాకు దింపి, పైన రెండు పిన్నీసులు కొసరు అడిగేదాన్ని. ఆ దువ్వెన పళ్లు వారానికే రాలిపోయేవి, అది వేరే సంగతి. బేరం గెలిచానా లేదా అన్నదే నాకు ముఖ్యం.

మా తాత దుకాణంలో నెలనెలా చిట్టి నడిపేవాడు. ఇరవై మంది, మనిషికి యాభై, మొత్తం వెయ్యి. నెలకొకరు ఆ డబ్బు ఎత్తుకుంటారు. అవసరమున్నవాళ్లు పాట పాడాలి. అందులో ఎవరు ఎక్కువ వదులుకుంటామంటే ఆ నెల చిట్టి వాళ్లది. వదులుకున్న డబ్బును ఇరవై మందికీ సమానంగా పంచుతారు. ఎత్తుకున్నవాళ్లు చివరి నెల దాకా యాభై కడుతూనే ఉండాలి. అంటే ముందుగా ఎత్తుకోవడమంటే అప్పు చేయడమే.

ఒక ఆదివారం పొద్దున పక్కింటి అక్క, ఆ చిట్టిలో ఒకరైన వాళ్లమ్మను వెంటబెట్టుకుని పాటకు వచ్చింది. వాళ్ల నాయిన కల్లు గీసేవాడు. మా వీధిలో బీఏ పాసైన మొదటి ఆడపిల్ల ఆమే. పట్నంలో ఎమ్మే పొలిటికల్ సైన్సులో సీటు దొరికింది. ఫీజుకూ హాస్టలుకూ కలిపి మర్నాటి సాయంత్రంలోగా వెయ్యి కట్టాలి. ఒక్క రూపాయి తగ్గినా సీటు ఇంకొకరికి పోతుంది.

పొలిటికల్ సైన్సు అనగానే గాజుల దుకాణం తాత పకపకా నవ్వాడు. "రాజకీయం నేర్వనీకె పట్నం దాక ఎందుకు బిడ్డా? మన వార్డు మెంబరు ఏం చదివిండని చేస్తుండు?" అందరూ నవ్వారు. నూనె దుకాణం పెద్దాయన మాత్రం నవ్వలేదు. పావలా కోసం పావుగంట వాదించే మనిషి ఆయన. "అది చదివితే నెలకెంత వస్తది? ఈ అప్పు ఎట్ల తీరుతది? గది చెప్పు ముందు" అన్నాడు.

మా దుకాణంలో సొట్ట పడ్డ బిందెను గోడవైపు తిప్పి పెట్టి అమ్ముతాం. అక్క కూడా అదే పని చేస్తుందనుకున్నాను. ఆమె లేచి నిలబడింది.

"టీచర్ ట్రైనింగుకు పోతే నౌకరి జల్ది వస్తది పెద్దనాయినా, దీనికి రాదు. లెక్చరర్ అయితే జీతం మంచిగనే ఉంటది గని ఖాళీలు తక్కువ. ఎన్నేండ్లు పడతదో చెప్పలేను. అప్పటిదాక ట్యూషన్లు చెప్పి నెలకు యాభై కడత. జీతం ఒక్కటే చూస్తే మాత్రం ఇది నష్టపు బేరమే."

"మరి తెల్సి తెల్సి ఎందుకు దిగుతున్నవే?" అన్నాడు పెద్దాయన.

"మా బాపు ముప్పయ్యేండ్ల సంది చెట్టెక్కుతుండు. చెట్టు పన్ను ఎవరు రాస్తరో, ఏం చూసి రాస్తరో ఆయనకు చెప్పినోడు లేడు. ఆ పన్ను కాయిదం యాడ పుడతదో నాకు తెల్వాలె."

తన సరుకులోని సొట్టను కొనేవాళ్ల ముఖం ముందే పెట్టిన మనిషిని నేను చూడడం అదే మొదలు. ఆ తర్వాత నేను నోరు మూసుకుని కూర్చున్నా బాగుండేది.

మా తాత గరిటె పట్టుకుని పాట మొదలుపెట్టాడు. అక్క వాళ్లమ్మ, "నేనేం వదులుకోలేనన్నా, నిండుగ గావాలె" అంది. ప్రతి నెలా ఒకరి మీద ఒకరు అరుచుకునేవాళ్లంతా తల వంచుకుని చాప అంచులు చూస్తున్నారు. మా నాయిన చాయ్ తాగడానికి పోయాడు. ఆయన జాగాలో నేనున్నాను. వీళ్లందరికీ ఏమైంది, చిట్టి ఊరికే పోతుంటే ఒక్కరూ పాడరేం అనుకున్నాను. "వంద!" అని గట్టిగా అరిచాను. మెచ్చుకుంటారేమోనని చుట్టూ చూశాను కూడా.

అక్క వాళ్లమ్మ ముఖం చూశాక గానీ నేనేం చేశానో నాకు తెలియలేదు.

పాడిన పాట వెనక్కి తీసుకోకూడదన్నది మా తాత పెట్టిన నియమమే. ఆయన నన్ను తిట్టలేదు. పాట ముగిసిందని గరిటెతో బిందె మీద మూడుసార్లు కొట్టాడు. చిట్టి మా ఇంటిదైంది. తొమ్మిది వందలు లెక్కపెట్టి అక్క వాళ్లమ్మ ఒళ్లో పెట్టి, "నా వంతు నువ్వు తీస్కో చెల్లె. నీ వంతు వచ్చినప్పుడు నేను తీస్కుంట" అన్నాడు. మిగిలిన వందను అన్నీ ఐదు రూపాయల నోట్లుగా నా చేతిలో పెట్టాడు. "పాడింది నువ్వే గద. పో, నువ్వే పంచు."

ముందుగా నూనె దుకాణం పెద్దాయన ముందు నోటు చాపాను. ఆయన నోటు ముట్టుకోలేదు. నా మణికట్టు పట్టుకుని నా చేతిని మెల్లగా అక్క వైపు తిప్పాడు. గాజుల తాత, "నవ్వినందుకు జుర్మానా అనుకో, పో" అని పంపేశాడు. తర్వాత మనిషి తల అడ్డంగా ఊపాడు. ఆ తర్వాతి ఆయన చేతులు వెనక్కి పెట్టుకున్నాడు. చుట్టూ తిరిగి వచ్చేసరికి నా చేతిలో ఒక్క నోటూ తగ్గలేదు. అలవాటు పోదు కదా, రెండుసార్లు లెక్కపెట్టాను. ఇరవై.

అక్క వాటిని తీసుకుని, "ఇది గూడ అప్పే తాతా, రాస్కోండ్రి" అంది.

ఉద్యోగం ఆమె చెప్పినంత ఆలస్యంగానే వచ్చింది. ఎనిమిదేళ్లు పట్టింది. మొదటి జీతంతో ఇంటింటికీ తిరిగి ఐదేసి రూపాయలు తిరిగిచ్చింది. నూనె పెద్దాయన ఆ నోటునూ వెలుతురుకు పెట్టి చూసి గానీ జేబులో వేసుకోలేదు. చెట్టు పన్ను ఎలా వేస్తారో చెప్పే కాగితం మాత్రం చదువుకునే రెండో ఏడే దొరికింది. అక్క దాన్ని వాళ్ల నాయినకు చదివి వినిపించింది. ఆయన మళ్లీ చదవమన్నాడట.

ఇప్పుడు దుకాణం నాది. మొన్న ఒక పిల్ల వచ్చి, పొలిటికల్ సైన్సుకు బ్యాంకు లోను తీసుకోనా వద్దా అంటూ నెల వాయిదా ఎంతో ఫోనులో చూపించింది. వచ్చే జీతమెంతో, తీరే అప్పెంతో, పట్టే ఏళ్లెన్నో ఏదీ దాచకుండా చెప్పాను. ఆ తర్వాత ఆమె ఆలోచించుకునేదాకా నోరు మూసుకుని కూర్చున్నాను. ఆనాటి నుంచి నేను నేర్చుకుంటున్నది ఆ ఒక్కటే. ఇంకా పూర్తిగా రాలేదు.