మసి పాఠం

సౌభాగ్య టీచరు రిటైరై ఆరేళ్లయినా ఊరి చివరి మోప్కా నుంచి స్కూటీ మీద వచ్చి, రైల్వే కాలనీ క్లబ్బులో ప్రతి ఆదివారం పిల్లలకు సైన్సు చెబుతుంది. బల్ల మీది బొగ్గు దుమ్మును అరచేత్తో తుడిచి, చెయ్యి చీరకే రాసుకుని మొదలుపెడుతుంది. ఈ ఆదివారం క్లబ్బు సెక్రటరీ గిరిబాబు, ఆమె పాత శిష్యుడే, శాలువాతో అడ్డొచ్చాడు. “వయసైపోనాది కదా టీచరుగారూ. క్లాసు కుర్ర మాస్టర్లకిచ్చేసినాం. ఇది కప్పుతాం, కూకోండి.”

ఆమె కూర్చోలేదు. దీపం వెలిగించి, మంట మీద స్టీలు పళ్లెం పట్టింది. “చూడండర్రా. ఒక్కో నక్షత్రం ముసలిదయ్యాకే ఉబ్బి, కార్బన్‌తో నిండుతాది. అది వదిలిన వాయువు చల్లారి ఇలాగే మసి కడతాది. రేపటి నక్షత్రాలకీ, భూములకీ ఆ మసే ముడిసరుకు.” పళ్లెం అడుగున వేలు రాసి గిరిబాబు బుగ్గన దిష్టిచుక్క పెట్టింది. “అచ్ఛా, నువ్వు కూకో. పాఠం అవనేదు.”

గిరిబాబు శాలువా ఒళ్లో పెట్టుకుని వెనక బెంచీలో కూర్చున్నాడు.