అరవై నిమిషాల టేపులో అరవై నాలుగు నిమిషాలు

ఈ ప్రయాణం గురించి రాయకుండా వదిలేద్దామనే అనుకున్నాను. యాన్బు నుంచి రియాద్ వెళ్ళొచ్చిన కథ ఎవరికి కావాలి, ఆ దారిలో లారీలు తప్ప ఏముంటాయి అని. కానీ మా కాంపౌండులో ఇప్పటికే నలుగురు ఆపి, కారులో ఎంతసేపు పట్టింది, ఎంతయింది అని అడిగారు. ప్రతివాడికీ మొదట్నించీ చెప్పేకంటే ఒకసారి రాసి పడేయడం నయం. పైగా నోటితో చెప్పేటప్పుడు ప్రతిసారీ ఒక ముక్క మింగేస్తున్నాను. రాతలో అలా మింగడం నాకు చేతకాదు.

ప్రయాణానికి కారణం ఒక బ్రిటిష్ పెద్దాయన. పేరు చెబితే మీలో సగం మందికి తెలియదు, మిగతా సగం నాతో వాదనకు దిగుతారు, కనుక చెప్పను. పాప్ పాటలు రాసేవాడు, ఇంకొకరిచేత పాడించి రికార్డులు చేసేవాడు. పాడినవాళ్ళ మొహాలు కవరు మీద, ఈయన పేరు మాత్రం వెనక చీమ తలకాయంత అక్షరాల్లో. నాకు ఇంగ్లీషు వచ్చిందే ఆ చీమ తలకాయల్లోంచి. ఆర్మూరులో తొమ్మిదో తరగతితో చదువుకు దండం పెట్టి, రియాద్ బత్తాలో ఒక క్యాసెట్ల షాపులో పనికి కుదిరాను. బేరం లేనప్పుడు కవర్లు చదివేవాణ్ణి. బేస్ గిటార్ అంటే ఏంటో తెలియకముందే దాని స్పెల్లింగ్ వచ్చేసింది.

ఆ షాపులో అమ్మినవన్నీ మేము కాపీ చేసినవే. ఆ రోజుల్లో అందరూ అంతే. ఈ పెద్దాయన చేసిన ఒక ఆల్బం అరవై నాలుగు నిమిషాలుండేది, మా దగ్గరున్న ఖాళీ టేపులు అరవై నిమిషాలవి. తొంభై నిమిషాల టేపుకు షాపు యజమాని ఒప్పుకోడు, చివరి పాట సగంలో తెగితే కొన్నవాళ్ళు ఒప్పుకోరు. దానికి నేను కనిపెట్టిన ఉపాయం ఏమంటే, పాడే డెక్కు మోటారు వెనక చిన్న రంధ్రంలో ఒక స్క్రూ ఉంటుంది. దాన్ని కొంచెం తిప్పితే టేపు వేగంగా తిరుగుతుంది, అరవై నాలుగూ అరవైలో సర్దుకుంటుంది. దానివల్ల పాట హార్మోనియం మీద ఒక మెట్టు పైకి ఎక్కుతుంది. ఎక్కితే ఎక్కనీ, బత్తాలో ఎవడికి తెలుస్తుంది అనుకున్నాను.

అలాంటి టేపు ఒకటి కొన్నవాడు గౌస్. కడపవాడు, కంపెనీ బస్సు డ్రైవరు, నాకంటే ఆరేళ్ళు చిన్న. మా స్నేహం ఆ టేపుతోనే మొదలైంది. ఆ పాటలు వింటూ కీబోర్డు తనంతట తను నేర్చుకున్నాడు. తర్వాత ఇద్దరం యాన్బు చేరాం. అక్కడ గౌస్ ఫిలిప్పీన్స్ వాళ్ళ బ్యాండులో వాయించేవాడు. నాలుగేళ్ళ కింద వాళ్ళ గిటారు మనిషి రోమెల్, నువ్వు ఈ పాటలన్నీ ఒక మెట్టు పైన వాయిస్తున్నావు, దించు అన్నాడు. గౌస్ దించలేదు. నా చెవి తప్పు కాదు, ఇప్పుడు ఫోన్లలో వచ్చేవే దించి పెట్టారు అన్నాడు. మాట మీద మాట పెరిగి బ్యాండు వదిలేశాడు, కీబోర్డుకు గుడ్డ కప్పేశాడు. నేను స్క్రూ సంగతి చెప్పలేదు. నెల ఆగి చెబుదామనుకున్నాను, నెల కాస్తా నాలుగేళ్ళయింది.

మొన్నొక రోజు గౌస్ ఫోన్ పట్టుకుని నా గదికి వచ్చాడు. పెద్దాయన రియాద్‌లో పాటల వ్యాపారం మీద జరిగే సభకు వస్తున్నాడు, ఫోన్లో పేరు రాయించుకుంటే ప్రవేశం ఉచితం, చివర్లో ప్రశ్నలు అడగొచ్చు.

"నేను ఉర్దూలో అడుగుతా, నువ్వు ఇంగ్లీషులో చెప్పన్నా," అన్నాడు. "ఆయన నోటితోనే తేలిపోనీ. వీడియో తీసి రోమెల్‌గానికి పంపాల."

రానంటే ఎందుకని అడుగుతాడు. సరే అన్నాను.

తెల్లవారి అయిదింటికి అతని పాత కామ్రీలో బయల్దేరాం. మదీనాకు రెండుంపావు గంటలు. నాలాంటి ముస్లిమేతరులు ఊళ్ళోకి పోకుండా బయటి రింగు రోడ్డు పట్టుకోవాలి, బోర్డులు చూస్తూ పోతే ఇబ్బంది లేదు. మదీనా దాటాక ఒక పెట్రోలు బంకు పక్కన ఆగాం. అక్కడ పెషావరు మనిషి ఒకడు తందూరులోంచి తమీస్ రొట్టెలు తీస్తున్నాడు. చక్రం అంత రొట్టె, గిన్నెడు ఫూల్, అంటే ఉడికించి మెదిపిన చిక్కుడు గింజలు, రెండు టీలు, అంతా కలిపి పద్నాలుగు రియాళ్ళు. ఎక్కడికి అని ఉర్దూలో అడిగాడు. రియాద్‌లో ఒక ఇంగ్లీషాయన్ని ఒక ప్రశ్న అడగాలి అన్నాడు గౌస్.

"ఒక్కటేనా?"

"ఒక్కటే."

"ఇంత దూరం పోతున్నారు, ఇంకో రెండు కూడా అనుకోండి," అన్నాడు రొట్టె తిప్పుతూ.

అక్కణ్ణుంచి ఖసీం ప్రాంతం వైపు నున్నటి రోడ్డు, అటూ ఇటూ రాళ్ళ గుట్టలు, తర్వాత ఇసుక. స్క్రూ సంగతి చెప్పడానికి ఇంతకంటే మంచి చోటు దొరకదు. దిగి వెళ్ళిపోవడానికి కూడా ఎవరికీ వీలుండదు. మూడుసార్లు గొంతు సవరించుకున్నాను.

"ఏందన్నా, ఏసీ ఎక్కువైందా?" అని తగ్గించాడు.

రియాద్ చేరేసరికి నాలుగున్నర. పెట్రోలు నూట ఎనభై రియాళ్ళ లోపే అయింది. బత్తాలో ఇద్దరికీ గది నూట ముప్పై. నేను పనిచేసిన షాపు ఉన్నచోట ఇప్పుడు సూటుకేసులు అమ్ముతున్నారు. కారు అక్కడే వదిలి మెట్రో ఎక్కాం, టికెట్ నాలుగు రియాళ్ళు. నీలం లైనులో ఉత్తరానికి నలభై నిమిషాలు, తర్వాత పది నిమిషాల నడక. పగలంతా ఇసుక చూసిన కళ్ళకు ఆ మెట్రో చల్లదనం బాగుంటుంది.

పెద్దాయన చేతికర్రతో వచ్చి కూర్చున్నాడు. మొదట్లో తాగుడు షాపుల్లో నాణెం వేస్తే పాట పాడే యంత్రాలు బాగుచేసేవాడట. ఏ మీటలు అరిగిపోయాయో చూసి, జనానికి ఏ పాటలు కావాలో రాసుకునేవాడట. "నాకు సంగీతం నేర్పింది అరిగిపోయిన మీటలే," అన్నాడు. అలాంటివే రాయడం మొదలుపెట్టి, పొద్దున రాసింది సాయంత్రానికి పాడించేవాడు. పదేళ్ళు ఏది చేసినా రేడియోలో మోగింది. ఆ తర్వాత పదేళ్ళు ఆయన పేరు వింటే రేడియోవాళ్ళు నవ్వారు. స్టూడియో అమ్మేస్తే కొన్నవాడు అందులో పరుపుల దుకాణం పెట్టాడు. ఇప్పుడు కుర్రాళ్ళు మళ్ళీ ఆ పాత పాటల్లోంచే ముక్కలు కోసుకుని వాడుకుంటున్నారు. ఇదంతా ఆయన ఊళ్ళో ఎవరి సంగతో చెబుతున్నట్టు చెప్పాడు. నాకు భలే నచ్చింది.

ప్రశ్నల వేళకు గౌస్ చెయ్యెత్తాడు. మైకు వచ్చింది. ఫోన్లో వీడియో పెట్టి నా చేతికిచ్చి, లేచి నిలబడి ఉర్దూలో అడిగాడు. నేనూ లేచాను. ఒక చేత్తో ఫోను, ఒక చేత్తో మైకు, చీమ తలకాయల ఇంగ్లీషు. క్యాసెట్టులో పాట ఒక మెట్టు పైన ఉండేది, ఇప్పుడెందుకు దించారు అని అడిగాను.

"ఎక్కడ కొన్న క్యాసెట్టు?" అన్నాడాయన.

"ఇక్కడే, బత్తాలో."

ఆయన చేతికర్ర రెండో చేతిలోకి మార్చుకున్నాడు. "మేము ఎప్పుడూ దించలేదు. మీ కాపీ చేసినవాడి దగ్గర టేపు పొట్టిదై ఉంటుంది."

హాలంతా నవ్వింది. ఆయన నవ్వలేదు. "కానీ ఆ మెట్టు నాకూ కావాలనిపించింది. పాడిన అమ్మాయి గొంతు అంత పైకి పోలేదు," అన్నాడు.

గౌస్ నా వైపు తిరిగాడు. "ఏమన్నాడన్నా? ఎందుకు నవ్వినారు?"

అంత వేగంగా మాట్లాడే ఇంగ్లీషు గౌస్‌కి అందదు. నువ్వే కరెక్టన్నాడు అంటే అయిపోయేది. వీడియో తన దగ్గరే ఉంటుంది కదా, రోమెల్‌కి చేరగానే అబద్ధం బయటపడుతుంది కదా అని మీరనొచ్చు. నిజం చెప్పాలంటే అప్పుడు నాకు వీడియో గుర్తే లేదు. అతను నా మొహంలోకి చూస్తున్నాడు, అంతే.

"ఆయన దించలేదు. కాపీ చేసినోడు వేగం పెంచిండట," అన్నాను తెలుగులో. "ఆ కాపీ చేసినోణ్ణి నేనే గౌస్ భాయ్."

మైకు ఇంకా నా చేతిలోనే ఉంది. మా తెలుగు ముక్క హాలంతా వినిపించింది. అర్థమైనవాళ్ళు ఎవరైనా ఉన్నారేమో తెలియదు.

గౌస్ కూర్చున్నాడు. మెట్రోలో, ఆ మెట్టు పెద్దాయనకూ కావాలనిపించిందట, పాడిన అమ్మాయి గొంతు పోలేదట అని మిగతాది కూడా చెప్పాను, అతను స్టేషన్ల పేర్లు చదువుతూ కూర్చున్నాడు. గదిలో దుప్పటి నా వైపు ఒకటి విసిరాడు, దాన్ని మాట కిందే లెక్కేసుకున్నాను. మర్నాడు ఆరింటికి తిరుగు ప్రయాణం. ఖసీం దాటాక అన్నాడు, "నాలుగేండ్లు ఆ రోమెల్‌గాన్ని తిడతా ఉంటే పక్కన కూచోని టీ తాగుతాంటివి."

"చెప్తే నువ్వు వాయించుడు బంద్ చేస్తవనుకున్న."

"నువ్వు చెప్పకపోయినా బంద్ చేస్తిని కదా అన్నా?"

కాసేపటికి మళ్ళీ తనే, "ఆ పాప గొంతు పోలేదన్నాడు కదా, నిజమేనా, అది కూడా నువ్వు కలిపినావా?" అన్నాడు. నిజమే, ఫోన్లో చూసుకో అన్నాను. చూసుకోలేదు.

ఒక మనిషి పాటలు ఎన్ని దేశాలు తిరుగుతాయో లెక్క తేల్చడం సులువే. ఏ దేశంలో ఏ వేగంతో తిరుగుతాయో ఆయన చేతిలో ఉండదు. ఆ పెద్దాయన బతుకంతా జనం నొక్కిన మీటల వెంట నడిచింది. మధ్యలో నాలాంటివాళ్ళు ఎంతమంది స్క్రూలు తిప్పారో ఆయనకు తెలియదు, తెలిసినా పెద్దగా పట్టించుకునే మనిషిలా లేడు. నేను పట్టించుకోవలసింది ఆయన్ని కాదు కూడా. ఇక వెళ్ళేవాళ్ళకు ఒక మాట. మదీనా దాటాక ఖసీం దాకా బంకులు దూరదూరంగా ఉంటాయి, కొన్నింట్లో కార్డు తీసుకోరు. ట్యాంకు మదీనా దగ్గరే నింపుకుని, చేతిలో వంద రియాళ్ళ నోటు ఉంచుకోండి.

యాన్బులో నన్ను గేటు దగ్గర దించి, నా సంచీ తీసి కింద పెట్టి వెళ్ళిపోయాడు. శుక్రవారం ఫోన్ చేశాను, ఎత్తలేదు. ఆదివారం తనే చేసి, కారుకు వెనక టైర్లు మార్పించాల, వస్తావా అన్నాడు. వెళ్ళాను. రెండూ మార్పించాం.