పొగాకు పూలు చూడబోయి

పూలు చూడాలంటే హైదరాబాదులో పార్కులకేం తక్కువ? నాకు మాత్రం పొగాకు పూలే కావాల్సొచ్చాయి. ఎవరో పెట్టిన ఫోటో చూసి, హుస్నాబాద్ దగ్గర పల్లెలో ఉండే మా అక్కకు ఫోన్ చేశాను. "ఆదివారం వస్తున్నా. అప్పటిదాకా మీ చేలో పూలు తెంపనివ్వకు," అని హుకుం జారీ చేశాను. బావ అరెకరంలో పొగాకు వేశాడని తప్ప ఆ పంట గురించి నాకు తెలిసింది సున్నా.

ఉదయం ఆరుంబావుకు జూబ్లీ బస్టాండులో బస్సెక్కాను. కిటికీ పక్క సీటే దొరికింది, కిటికీ మాత్రం తెరుచుకోలేదు. ఏడున్నరకు ప్రజ్ఞాపూర్‌లో ఆపారు. ఇడ్లీ చల్లగా, చట్నీ నీళ్లనీళ్లగా ఉన్నాయి. చాయ్ బాగుంది, తాగేలోపే డ్రైవరు హారన్ కొట్టాడు. సిద్దిపేటలో దిగి, తొమ్మిదికి హుస్నాబాద్ బస్సు పట్టుకున్నాను.

పక్క సీట్లో భుజాన తువ్వాలున్న రైతొకాయన ఎక్కడికని అడిగాడు. పొగాకు పూలు చూడటానికని గొప్పగా చెప్పాను.

"పూలు సూసుడేంది సారూ? మొగ్గ మీదనే తల తుంచాలె. పువ్వు ఇడిస్తే బలమంత దానికే వోతది, ఆకు పల్చవడ్తది. అమ్మేది ఆకు గద!"

పాపం, అందమంటే తెలియని మనిషి అనుకుని ఇయర్‌ఫోన్లు పెట్టుకున్నాను.

హుస్నాబాద్ నుంచి ఆటోలో ఊరు చేరేసరికి పదిన్నర దాటింది. అక్క ఇంట్లో కూర్చోనివ్వకుండానే చేనుకు లాక్కెళ్లింది. సగం చేలో మొక్కలకు తలల్లేవు, ఆకులు చేటలంత ఉన్నాయి. మిగతా సగం లేత గులాబీ రంగులో విరగబూసింది. "నువ్వస్తవని గీ సగం తుంచనియ్యలె తమ్మీ. కూలోల్లను ఎన్కకు తోలిన," అంది అక్క, మురిసిపోతూ.

పూల మధ్య నిలబడి ముప్పై ఫోటోలు తీసుకున్నాను. బావ చేతులు వెనక్కి కట్టుకుని గట్టు మీద నిలబడ్డాడు. ఈ సగంలో ఆకు ఎందుకింత చిన్నగా ఉందని అడిగాను, అదీ ఆయన్నే.

"నాలుగు దినాలాయె తుంచాల్సి. ఇప్పుడు కూలోల్లంత నాట్లకు వోయిన్రు, వారం దాక రారట. తల తుంచుడు ఆలిశమైతే ఆకు ముదురుడు ఆలిశం, కోత ఎండలల్ల వడ్తది. తూకం రాదు."

"ఫోన్లో ఒక్క మాట చెప్పొచ్చుగా బావా?"

"మీ అక్క చెప్పనిస్తదా? తమ్ముడు ఎన్నడు అడగనోడు ఒక్కటి అడిగిండని ఊరంత చెప్పుకున్నది. విత్తనానికి ఎట్లనూ పది చెట్లు ఇడుస్తం. గవి సూసినా అయిపోతుండె!"

నాకు సిగ్గేసింది. ఫోన్ జేబులో పెట్టుకున్నాను.

"అయిపోయినయా ఫోటోలు? ఇగ రా బామ్మర్దీ," అన్నాడు బావ.

పూగుత్తిని దాని కింది రెండు చిన్నాకులతో కలిపి విరవాలి. చూడటానికి తేలికే. నేను పదో మొక్కకే మంచి ఆకునొకదాన్ని పుటుక్కున విరిచాను.

"పువ్వు నీది, ఆకు నాది. నీది నువ్వు తుంచుకో," అన్నాడాయన.

మధ్యాహ్నం గట్టు మీదే జొన్నరొట్టె, పచ్చిపులుసు. చేతులకు పట్టిన నల్లటి జిగురు ఎంత కడిగినా పోక, రొట్టె కూడా చేదెక్కింది. అయిదింటికి నాలుగు సాళ్లు మిగిలాయి. వాటిని రేపు చూసుకుంటామని నన్ను బస్టాండులో దింపాడు బావ. పంట దక్కుతుందా అని అడిగాను. "కొంత దక్కుతది తియ్యి," అన్నాడు.

వెళ్లాలనుకునేవాళ్లకు నా సలహా: బస్సులకు లోటు లేదు, జిగురు వదలడానికి కొబ్బరినూనె సీసా వెంట ఉంచుకోండి. పక్క సీటాయన మాట్లాడితే వినండి. తిరుగు బస్సులో కండక్టరిచ్చిన టికెట్ నా అరచేతికి అతుక్కుపోయింది. పక్కనున్నాయన నా చేతుల పొగాకు వాసనకు ముక్కు మూసుకుని వేరే సీటుకు మారాడు.

సిద్దిపేట దాటాక అక్క ఫోన్ చేసింది. ఫోటోలు బాగొచ్చాయా అని అడిగింది. బాగొచ్చాయన్నాను.

"వచ్చే యేడు మొత్తం చేను ఇడుస్తా తమ్మీ, ఇంక మంచిగుంటది."

"వద్దక్కా! మొగ్గ తొడగ్గానే ఫోన్ చెయ్యి, వస్తా."

"మొగ్గలేం మంచిగ వడ్తయి ఫోటోలల్ల?" అంది అక్క, దిగులుగా.